ఆఫీసు కింద బండికి చోటు ఎవరిది? బెంగళూరులో ఉచిత పార్కింగ్ పోతే మన జేబు మీద పడే లెక్క

బట్లహళ్ళి, చేళూరు, బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్ళలో ఎక్కువమందికి ఆధారం మోటర్ సైకిలే. కొందరు చింతామణి దాకా బండి మీద పోయి అక్కడ బస్సు ఎక్కుతారు. కొందరు హోసకోటె, కె.ఆర్.పురం దారిలో నేరుగా నగరంలోకి పోతారు. ఇంకొందరు అక్కడే గది తీసుకుని, శనివారం సాయంత్రం అదే బండి మీద ఊరికి వస్తారు. ఎవరి దారి ఎలా ఉన్నా పెట్రోలు, గది అద్దె, మెస్సు ఖర్చు అందరూ ముందే లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో ఇన్నాళ్ళూ చాలామంది వేసుకోనిది ఒకటుంది. అది బండి నిలిపే చోటుకు కట్టాల్సిన డబ్బు.

ఆఫీసు కింద బేస్‌మెంటులోనో, పక్క సందులోనో, ముందున్న ఫుట్‌పాత్ మీదనో బండి పెట్టి పైకి పోవడం అలవాటు. ఈ మూడు చోట్లూ ఒక్కొక్కటిగా చేయి జారుతున్నాయి. గేటు దగ్గర "వాహన నిలుగడె శుల్క" అని బోర్డు కనిపిస్తే మొదట వచ్చేది కోపం. కోపం కన్నా ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ చోటు అసలు ఎవరిది, దానికి డబ్బు అడిగే హక్కు ఎవరికి ఉంది, ఎవరిని ఏమని అడగాలి అన్నది.

రోడ్డు మీద ఉచితం ఎలా పోతోంది

బెంగళూరు రోడ్ల మీద ఒకప్పుడు డబ్బు తీసుకుని పార్కింగ్ నడిచేది. 2000ల మధ్యలో దాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నగరం నడిబొడ్డున కూడా రోడ్డు పక్కన బండి పెట్టడం ఉచితమే. ఈలోగా బండ్లు పెరిగిపోయాయి. 2022 నాటికి నగరంలో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి. వాటిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ద్విచక్ర వాహనాలే.

అప్పటి నగరపాలిక బీబీఎంపీ నగర మధ్యభాగంలో 85 రోడ్లకు స్మార్ట్ పార్కింగ్ పథకం వేసింది. రోడ్లను మూడు తరగతులు చేసి, ద్విచక్ర వాహనానికి గంటకు 15, 10, 5 రూపాయలు, కారుకు 30, 20, 15 రూపాయలు రేటు పెట్టింది. కన్నింగ్‌హామ్ రోడ్డు లాంటి చోట్ల ఇది అమలులోకి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం "పార్కింగ్ పాలసీ 2.0"ను ఆమోదించింది. రోడ్డు స్థలం అందరి ఆస్తి కాబట్టి దాన్ని ఆక్రమించి బండి నిలిపేవాళ్ళు దానికి ఖరీదు కట్టాలి అన్నది ఆ పాలసీ మూల సూత్రం. 2024లో ఫ్రీడమ్ పార్క్ దగ్గర 556 కార్లు, 445 ద్విచక్ర వాహనాలు పట్టే బహుళ అంతస్తుల పార్కింగ్ తెరిచారు. అదీ డబ్బు కట్టి వాడుకునేదే. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. పార్కింగ్ విషయంలో మనం ఫిర్యాదు పెట్టాల్సిన కార్యాలయం కూడా దాంతో మారింది.

ఫుట్‌పాత్ సంగతి వేరు. చర్చ్ స్ట్రీట్, రెసిడెన్సీ రోడ్డు లాంటి రోడ్లను కొత్తగా కట్టినప్పుడు నడిచేవాళ్ళ కోసం ఫుట్‌పాత్‌లను వెడల్పు చేశారు. చాలాచోట్ల బండ్లు ఎక్కకుండా గట్టి స్తంభాలు నాటారు. నడిచేవాళ్ళకు ఇది మంచిదే. ఫుట్‌పాత్ మీద బండి పెట్టడం మన హక్కు ఎప్పుడూ కాదు, అది చూసీచూడనట్లు వదిలేసిన అలవాటు మాత్రమే. అయితే ఆ అలవాటు పోయేసరికి, అక్కడ నిలిచే బండ్లన్నీ ఆఫీసు బేస్‌మెంటు వైపు తిరిగాయి. అక్కడ చోటుకు గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోట రేటు వస్తుంది.

బేస్‌మెంటు చోటు ఎలా పుట్టింది

ఆఫీసు భవనం కింద పార్కింగ్ అనేది యజమాని దయతో ఇచ్చింది కాదు. భవనం కట్టడానికి అనుమతి కావాలంటే ఇంత విస్తీర్ణానికి ఇన్ని కార్ల చోటు చూపించాలని నగర ప్రణాళిక నిబంధనలు చెబుతాయి. బెంగళూరు మాస్టర్ ప్లాన్ నిబంధనల్లో ఆఫీసులకు 50 చదరపు మీటర్లకు ఒక కారు చొప్పున లెక్క ఉంది. అంటే 10,000 చదరపు మీటర్ల భవనమైతే 200 కార్ల చోటు.

దీనికి బదులుగా యజమానికి ఒక లాభమూ ఉంది. ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే పరిమితిని ఫ్లోర్ ఏరియా రేషియో అంటారు. పార్కింగ్‌కు వదిలిన చోటును ఆ పరిమితిలో కలపరు. అంటే పార్కింగ్ కోసం యజమాని పైన ఒక్క గది కూడా తగ్గించుకోనక్కర లేదు. పార్కింగ్ చూపిస్తానన్న షరతు మీద అనుమతి వచ్చింది, ఆ చోటు లెక్కలోకి రాకుండా మినహాయింపూ వచ్చింది.

అందుకే బేస్‌మెంటును గోదాముగానో, దుకాణంగానో మార్చడం అనుమతిని ఉల్లంఘించడమే. మీ ఆఫీసు కింద చోటు చాలడం లేదని చెబుతున్నప్పుడు, ఆ చోటులో సగం అట్టపెట్టెలతో, పాత కుర్చీలతో నిండి ఉందా అన్నది చూడవలసిన విషయం.

అలాగని ఆ చోటు కట్టడం యజమానికి ఊరికే రాలేదు. నేల తవ్వాలి, గోడ కట్టాలి, వాన నీరు తోడాలి, దీపాలు వెలిగించాలి, కాపలా పెట్టాలి. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ లెక్క ప్రకారం బయట ఖాళీ జాగాలో ఒక కారుకు 23 చదరపు మీటర్లు చాలితే, బేస్‌మెంటులో దారి, ర్యాంపు కలుపుకుని 32 చదరపు మీటర్లు కావాలి. ఈ ఖర్చు ఇన్నాళ్ళూ ఆఫీసు అద్దెలో కలిసిపోయి ఉండేది. కంపెనీ కట్టేది, ఉద్యోగికి కనిపించేది కాదు. కనిపించని ఖర్చును మనం ఉచితం అన్నాం. ఇప్పుడు దాన్ని అద్దె నుంచి విడదీసి, గేటు దగ్గర నేరుగా ఉద్యోగి చేతిలో పెడుతున్నారు.

ముందుగా బయటికి పోయేది బండే, ఎందుకు?

చోటు తక్కువ పట్టేది మోటర్ సైకిల్. ఒక కారు చోటులో తేలికగా నాలుగు బండ్లు నిలుస్తాయి. అయినా పార్కింగ్ సర్దుబాటు వచ్చినప్పుడు ముందుగా "బండ్లు బయట పెట్టుకోండి" అనే మాటే వినిపిస్తుంది. దీనికి కారణం అద్దె ఒప్పందంలో ఉంది.

బెంగళూరులో ఆఫీసు స్థలం అద్దెకు ఇచ్చేటప్పుడు పార్కింగ్‌ను సాధారణంగా కార్ల లెక్కలో రాస్తారు. వెయ్యి చదరపు అడుగులకు ఒక కారు అన్నది మార్కెట్లో బాగా వాడుకలో ఉన్న లెక్క. ఒక కంపెనీ 10,000 చదరపు అడుగులు తీసుకుంటే 10 కార్ల చోటు వస్తుంది. మనిషికి 100 చదరపు అడుగులు అనుకున్నా ఆ అంతస్తులో 100 మంది కూర్చుంటారు. ఆ 10 చోట్లు మేనేజర్ల పేర్ల మీద, వచ్చిపోయే అతిథుల పేరు మీద పోతాయి. మిగిలిన 90 మందిలో బండి మీద వచ్చేవాళ్ళ మాట ఒప్పందంలో ఎక్కడా ఉండదు. మూలల్లో, స్తంభాల మధ్య, ర్యాంపు పక్కన మిగిలిన జాగాలో వాళ్ళు సర్దుకుంటూ వచ్చారు.

కాగితం మీద లేని చోటును తీసేయడానికి ఎవరినీ అడగక్కర లేదు. భవనంలోకి కొత్త కంపెనీ వచ్చినా, పార్కింగ్ నిర్వహణను బయటి ఏజెన్సీకి కాంట్రాక్టుకు ఇచ్చినా, ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ పాయింట్లు పెట్టినా మొదట కదిలించేది ఆ మూలల్లోని బండ్లనే. కారు చోటు పోతే మేనేజర్ మెయిల్ పెడతాడు. బండి చోటు పోతే హౌస్ కీపింగ్ పిల్ల, సెక్యూరిటీ గార్డు, బిల్లింగ్ కౌంటర్ కుర్రాడు పక్క వీధిలో చోటు వెతుక్కుంటారు. అన్యాయం డబ్బు అడగడంలో కన్నా ఇక్కడ ఎక్కువ ఉంది. తక్కువ చోటు వాడుకునేవాడు, తక్కువ జీతం ఉన్నవాడు, ఒప్పందంలో పేరు లేనివాడు ఒక్కడే అయ్యాడు.

నెలకు ఎంత పడుతుంది

రోజుకు మధ్యాహ్న భోజనం సమయంతో కలిపి 9 గంటలు, నెలకు 26 రోజులు అనుకుందాం.

స్మార్ట్ పార్కింగ్ మొదటి తరగతి రోడ్డు మీద గంటకు 15 రూపాయల చొప్పున రోజుకు 135, నెలకు 3,510 రూపాయలు. రెండో తరగతి రోడ్డు మీద గంటకు 10 చొప్పున రోజుకు 90, నెలకు 2,340. మూడో తరగతిలో గంటకు 5 చొప్పున రోజుకు 45, నెలకు 1,170.

గంటల రేటు అసలు ఉద్దేశం వేరు. దుకాణానికి వచ్చి అరగంటలో పోయేవాళ్ళకు చోటు దొరకాలని, పొద్దున పెట్టిన బండి సాయంత్రం దాకా కదలకుండా ఉండకూడదని ఆ రేటు పెడతారు. రోజంతా పని చేసేవాడికి ఆ రేటు సరిపోదు. అతనికి కావలసింది నెలవారీ పాసు. కాబట్టి మీ భవనంలో డబ్బు తప్పనిసరి అయితే, మొదట అడగవలసింది గంటల రేటు కాకుండా నెల పాసు.

ఇంకో దారి మెట్రో. పార్కింగ్ ఉన్న మెట్రో స్టేషన్లలో ద్విచక్ర వాహనానికి రోజుకు గరిష్ఠంగా 30 రూపాయల రేటు ఉంటూ వచ్చింది. ఆ లెక్కన నెలకు 780. మన వైపు నుంచి పోయేవాళ్ళకు కె.ఆర్.పురం మీదుగా పోయే పర్పుల్ లైను ఉపయోగం. 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట వరకు ఆ లైను పూర్తిగా నడుస్తోంది. ఎం.జి. రోడ్డు, కబ్బన్ పార్క్, విధానసౌధ స్టేషన్లన్నీ దాని మీదే ఉన్నాయి. అయితే 2025 ఫిబ్రవరిలో మెట్రో చార్జీలు పెంచారు. గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలకు పోయింది. పార్కింగ్‌లో మిగిలింది టికెట్‌లో పోతుందా అన్నది మీ స్టేషన్ల మధ్య దూరాన్ని బట్టి లెక్క వేసుకోవాలి.

ఆడవాళ్ళకు 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద రాష్ట్రంలో సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పగటి పని ఉన్నవాళ్ళకు అది పెద్ద ఊరట. రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి చేరాల్సిన అమ్మాయికి మాత్రం స్కూటరే భద్రత. ఆమె స్కూటరును వెలుతురు లేని పక్క సందులో పెట్టమనడం డబ్బు లెక్కతో తేలే విషయం కాదు.

చట్టం ఏం చెబుతోంది

మన బంధువులు సరిహద్దుకు అటువైపు మదనపల్లెలో, తిరుపతిలో, హైదరాబాదులో ఉంటారు. "మా దగ్గర పార్కింగ్‌కు డబ్బు తీసుకోకూడదని ఆర్డరు వచ్చింది కదా, మీరెందుకు కడుతున్నారు?" అని అడుగుతుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది.

తెలంగాణలో 2018 మార్చిలో వచ్చిన 63వ నంబరు జీవో ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితం. గంట లోపు అయితే ఏదో ఒక బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే, కొన్న వస్తువు బిల్లు లేదా సినిమా టికెట్ విలువ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే తరహా నిబంధనను 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. గుజరాత్ హైకోర్టు 2019 జూలైలో మాల్స్, మల్టీప్లెక్సులు పార్కింగ్ రుసుము వసూలు చేయడానికి వీల్లేదని చెప్పింది. భవన అనుమతి కోసం చూపించిన చోటును సందర్శకులకు ఇవ్వడం యజమాని బాధ్యత అన్నది దాని సారం.

వీటిలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ ఉత్తర్వులు ఆయా రాష్ట్రాలవి, కర్ణాటకలో పనిచేయవు. రెండోది, తెలుగు రాష్ట్రాల నిబంధన కొనుగోలుదారుడి కోసం రాసింది. ఆఫీసు ఉద్యోగి దగ్గర చూపించడానికి బిల్లు ఉండదు. అతను అక్కడ కొనడు, పని చేస్తాడు. అందుకే ఉద్యోగి పోరాటం మాల్ చట్టంతో తేలదు. అది కంపెనీకీ భవన యజమానికీ మధ్య ఉన్న ఒప్పందంలో, కంపెనీకీ ఉద్యోగికీ మధ్య ఉన్న మాటలో తేలాలి.

బండి పోతే ఎవరు జవాబు

డబ్బు కట్టించుకునే చోట కూడా "వాహన మాలికరే జవాబ్దారరు" అని బోర్డు ఉంటుంది. పోయినా, దెబ్బతిన్నా మాకు సంబంధం లేదని దాని అర్థం. ఆ బోర్డు చివరి మాట కాదు.

2019 నవంబరులో తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ఉపయోగపడుతుంది. అతిథి కారు తాళం హోటల్ సిబ్బందికి ఇచ్చాడు, కారు పోయింది. యజమాని బాధ్యత మీదే అని టికెట్ మీద అచ్చు వేసినంత మాత్రాన, తన నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో వస్తువును ఇంకొకరి చేతికి అప్పగించినప్పుడు వాళ్ళు దాన్ని ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పే సెక్షన్లు దీనికి ఆధారం.

అది తాళం అప్పగించిన కేసు. మనమే బండి పెట్టి, తాళం జేబులో వేసుకుని పోయినప్పుడు అప్పగింతను నిరూపించడం కష్టం. అందుకే టోకెను, రసీదు ముఖ్యం. టోకెను తీసుకుని, పోయేటప్పుడు అది చూపిస్తేనే బండి వదిలే పద్ధతి ఉంటే మీ వాదానికి బలం వస్తుంది. డబ్బు తీసుకుని రసీదు ఇవ్వని చోట బండి పెట్టకపోవడం మంచిది. ఇంకో మాట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. సొంత నష్టం కూడా కలిసిన పాలసీ ఉండాలి.

ఇతర దేశాల్లో ఏమైంది

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ 2008లో మోటర్ సైకిళ్ళకు ఉన్న ఉచిత పార్కింగ్ తీసేసి రోజుకు 1.50 పౌండ్ల రుసుము పెట్టింది. బండ్లవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, ఊరేగింపులు తీశారు, కోర్టుకు పోయారు. హైకోర్టు వాళ్ళ వాదాన్ని కొట్టేసింది. రుసుము నిలిచింది. ఉచితమే మా హక్కు అన్న వాదం ఒక్కటే పట్టుకుంటే కోర్టులో నిలవడం కష్టమని అది చూపింది.

అమెరికాలో కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది. 1992లో తెచ్చిన చట్టం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న యజమాని పార్కింగ్ చోటును అద్దెకు తీసుకుని ఉద్యోగులకు ఇస్తుంటే, ఆ చోటు వద్దన్న ఉద్యోగికి దాని విలువను నగదుగా ఇవ్వాలి. కారులో వచ్చేవాడికి పరోక్షంగా పోయే డబ్బు బస్సులో వచ్చేవాడికీ అందుతుంది. పార్కింగ్ కూడా జీతంలో ఒక భాగమే అన్నది ఆ చట్టం చెప్పే విషయం. మన పిల్లలు కంపెనీ దగ్గర పెట్టవలసిన వాదం కూడా ఇదే.

ఇప్పుడు ఏం అడగాలి

ఒకటి. రుసుము ఎవరు వేశారో కాగితం మీద అడగండి. భవన యజమానా, నిర్వహణ ఏజెన్సీయా, కంపెనీయా అన్నదాన్ని బట్టి అడగవలసిన మనిషి మారతాడు. గేటు దగ్గర ఉండే కాపలా మనిషితో గొడవ పెట్టుకోకండి. అతని బండి కూడా బయటే ఉంటుంది.

రెండు. కంపెనీ హెచ్‌ఆర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: మన అద్దె ఒప్పందంలో ద్విచక్ర వాహనాలకు ఎన్ని చోట్లు రాసి ఉన్నాయి? ఏమీ లేకపోతే, ఒప్పందం తిరగరాసేటప్పుడు రాయించమని పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. 5 కార్ల చోట్లు మార్చితే 20 బండ్లు నిలుస్తాయి. ఈ లెక్కను కాదనడం ఏ మేనేజర్‌కైనా కష్టం.

మూడు. చోటు ఇవ్వలేకపోతే నెల పాసు ఖర్చునైనా ప్రయాణ భత్యంగా ఇవ్వమనండి. కార్లకు ఉచితం, బండ్లకు రుసుము అన్న పద్ధతి ఉంటే ఆ తేడాను రాతలో చూపించండి. కాంట్రాక్టు సిబ్బందిని ఈ అర్జీలో వదిలేయకండి. అందరికన్నా ఎక్కువ నష్టపోయేది వాళ్ళే.

నాలుగు. బేస్‌మెంటు వేరే పనికి వాడుతున్నారని అనుమానం ఉంటే, ఆమోదించిన భవన నక్షా కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అర్జీ పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. నక్షాలో పార్కింగ్ అని ఉన్నచోట గోదాము ఉంటే, ఆ ఫిర్యాదుకు ఆధారం మీ చేతిలో ఉన్నట్టే.

ఐదు. ఊరి నుంచి కొత్తగా ఉద్యోగానికి పోతున్న పిల్లలకు జీతం మాట్లాడుకునే రోజే బండి చోటు సంగతి కూడా అడగమని చెప్పండి. నెలకు 1,170 రూపాయలు అంటే ఏడాదికి 14,040. చేరిన తర్వాత అడిగితే అది ఫిర్యాదు అవుతుంది. చేరకముందు అడిగితే అది షరతు అవుతుంది.

మన ఊళ్ళో బండి ఇంటి ముందు నిలుస్తుంది, ఎవరూ అడగరు. నగరంలో నేల ఖరీదు వేరు, అక్కడ బండి నిలిపే చోటుకూ ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు తప్పదనే అనుకుందాం. అయినా అది వాడుకున్న చోటును బట్టి ఉండాలి. నాలుగో వంతు చోటు తీసుకునే మనిషి మీద మొత్తం బరువు పడుతున్నప్పుడు, అడగడం గొంతెమ్మ కోరిక కాదు.